“తిలంగా” – ఒక సైనికనామము పుట్టుపూర్వోత్తరములు

సైనికులకు లోకము పెట్టు పేర్లు తఱచుగా మూడు విధముల నేర్పడుచుండును: ధరించిన దుస్తులను బట్టి కొన్ని, నడపిన నాయకుని బట్టి కొన్ని, వచ్చిన దేశమును బట్టి కొన్ని. 1757లో క్లైవు కలకత్తాలో నెలకొల్పిన తొలి బంగాళా సిపాయి దళమునకు ఎఱ్ఱని కోటుల వలన “లాల్ పల్టన్” అను పేరు వచ్చినది. 1803లో ఏర్పడిన స్కిన్నరు అశ్వదళము నాయకుని పేరనే ప్రసిద్ధి కెక్కినది. మూడవ విధమునకు చెందినది “తిలంగా”. హిందీ, వంగభాషలలో ఈ పదమునకు సిపాయి అను అర్థము కలదు. మన దేశనామము ఉత్తరదేశమున సైనికనామ మెట్లయినది? అట్లు పిలువబడిన వారందఱును తెలుగువారేనా? ఈ రెండు ప్రశ్నలను ఇచట విచారింప నెంచితిమి.

ఢిల్లీ సుల్తానుల కాలపు పారశీక చరిత్రకారులు కాకతీయుల దేశమును “తిలంగ్” అని వ్యవహరించిరి. 1323లో ఓరుగల్లు పతనమైన పిదపను ఆ పేరు నిలిచినది. కావున 18వ శతాబ్ది నాటికి ఉత్తరాది వారికి ఈ మాట నాలుగు వందల యేండ్లకు పైగా పరిచితము. అయితే అది దేశనామము మాత్రమే. దానికి సైనికార్థము లేదు.

ఆ యర్థమునకు మూలము దక్షిణమున జరిగిన ఫ్రెంచి, ఆంగ్లేయ సంఘర్షణము. ఐరోపా పద్ధతిని కవాతు నేర్చి, వరుస తప్పక తుపాకి కాల్చు స్వదేశీయ పదాతిదళములు ఆ యుద్ధములలో కోరమండల తీరమున బలపడినవి. 1756 జూనులో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకొనగా, అక్టోబరులో క్లైవు వాట్సన్ నౌకాదళముతో మద్రాసు నుండి బయలుదేరెను. వెంట సుమారు 900 మంది ఐరోపా సైనికులును, 1500 మంది సిపాయిలును ఉండిరి. 1757 జనవరి 2న కలకత్తా మరల ఆంగ్లేయుల వశమైనది. జూన్ 23న ప్లాసీ యుద్ధము జరిగినది. వంగదేశమునకు ఇట్టి సిపాయిలు క్రొత్త. దక్షిణ తీరము నుండి వచ్చిన వారగుటచే జనులు వారిని తిలంగాలనిరి. గులాం హుస్సేన్ ఖాన్ తబాతబాయి తన “సియరుల్ ముతాఖ్ఖిరీన్” అను పారశీక చరిత్రలో కంపెనీ సిపాయిలను ఈ పేరుతోనే పేర్కొనెను.

ఇచట తొందరపాటు తగదు. మద్రాసు సిపాయిలలో తెలుగువారుండిరి. తమిళులును, దక్షిణాది మహమ్మదీయులును ఉండిరి. అందఱికిని ఒకే పేరు పెట్టుట చూచువారి భౌగోళిక జ్ఞానమును తెలుపునే కాని, సైనికుల మాతృభాషను తెలుపదు. ఉత్తరాది వారికి చిరపరిచితమైన దేశనామము “తిలంగ్” అగుటచే, అదియే దక్షిణము నుండి వచ్చిన వారందఱికిని అంటుకొనినదని మా యభిప్రాయము.

తరువాతి పరిణామము మఱింత విచిత్రము. బంగాళా సైన్యము క్రమముగా అయోధ్య, బీహారు ప్రాంతముల బ్రాహ్మణ, రాజపుత్రాదులతో నిండినది. మనుష్యులు మాఱిరి, పేరు మాఱలేదు. 1857 మే 11న మీరట్ నుండి ఢిల్లీ చేరిన సిపాయిలను ఆ నగరపు ఉర్దూ రచనలు తిలంగాలనియే పేర్కొనినవి. వారికే “పూర్బియాలు”, అనగా తూర్పువారు, అను పేరును కలదు. ఒకే సైనికునికి రెండు దేశనామములు! ఒకటి ఆతడు పుట్టిన దిక్కును తెలుపును; రెండవది ఆతని కవాతును, తుపాకిని తెలుపును. దేశవాచకము వృత్తివాచకమైన దనుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు.

కావున ఈ పదము కనబడిన చోట నెల్ల సంవత్సరమును, స్థలమును మొదట పరిశీలింపవలెను. 1757 నాటి వంగదేశపు తిలంగాలలో తెలుగువానిని వెదకుట సమంజసము. 1857 నాటి ఢిల్లీ తిలంగాను తెలుగువానిగా నెంచి గర్వించుట పొరపాటు. ఆ గౌరవము అయోధ్య గ్రామములకు చెందవలసినది. మన పేరు దూరదేశమున నిలిచినందులకు సంతోషింపవచ్చును. కాని పేరు మనదైనంత మాత్రమున ఇతరుల త్యాగమును మన చరిత్రలో వ్రాసికొనుట న్యాయము కాదు.