కంచెలు లేని కోట

సిడ్నీ మహానగరమున, నౌకాశ్రయపు ప్రధానజలముల నుండి విడివడి కొండల నడుమకు వంకరలు తిరుగుచు చొచ్చుకొనిపోయిన మిడిల్ హార్బర్ అను సముద్రపు పాయ యొడ్డున, ఇసుకరాతి బండలతోను యూకలిప్టస్ చెట్లతోను నిండిన యొక కొండకొమ్ముపై కాసిల్‌క్రాగ్ అను పేట గలదు. అచ్చటి వీధుల పేర్లు విన్నవారికి ఇది యేదో పురాతన దుర్గమని తోచును. ర్యాంపార్టు, ప్యారపెట్, బాస్టియన్, బార్బెట్, రెడౌట్, సిటడెల్ మొదలుగా గల యీ పేర్లన్నియు కోటగోడలకును బురుజులకును చెందినవే. నీటిమీదికి తొంగిచూచుచున్న యొక మహాశిలను చుట్టుపట్లవారు ఎడింబరో కోటయని పిలుచుచుండుటచే పేటకా పేరును, పేట ననుసరించి వీధులకీ పేర్లును కలిగినవి. అయినను, ఈ కోటను తలపెట్టినవాని ప్రథమసంకల్పము ఇంటికిని ఇంటికిని నడుమ కంచె యన్నది యుండరాదని.

ఆ సంకల్పము వాల్టర్ బర్లీ గ్రిఫిన్‌ది. 1876లో షికాగో నగర సమీపమున జన్మించి, వాస్తుశిల్పియై, ఫ్రాంక్ లాయిడ్ రైట్ కార్యాలయమున కొన్ని యేండ్లు పనిచేసిన యీతడు, అచ్చటనే చిత్రణలో అసామాన్య ప్రజ్ఞ కనబరచుచుండిన మేరియన్ మహోనీని 1911లో వివాహమాడెను. స్త్రీలకు వాస్తువిద్య ఇంచుమించు నిషిద్ధమైన కాలమున, 1894లోనే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయము నుండి పట్టము గొనిన విదుషి యామె. ఆస్ట్రేలియా ప్రభుత్వము తన నూతన రాజధానికై జరిపిన పోటీలో 1912లో గ్రిఫిన్ ప్రణాళికయే ప్రథమస్థానము నందెను. ఆ విజయమునకు మేరియన్ గీసిన మనోహర చిత్రములు ఎంతయో తోడ్పడినవి. దంపతులు ఖండాంతరము దాటివచ్చి కాన్‌బెర్రా నిర్మాణమునకు పూనుకొనిరి గాని, అధికారులతోడి ఎడతెగని సంఘర్షణలో ఏండ్లు గడచి, 1920 చివరకు గ్రిఫిన్ ఆ పని నుండి వైదొలగవలసివచ్చెను. ప్రభుత్వపు చేతులలో చిక్కి నలిగిన తన భావములను, తానే భూస్వామియై యొకచోట నిలబెట్టి చూపవలెనను పట్టుదల కాసిల్‌క్రాగ్‌కు మూలమని నా నమ్మకము.

మిత్రులను వాటాదారులుగా కూర్చి గ్రేటర్ సిడ్నీ డెవలప్‌మెంట్ అసోసియేషన్ అను కంపెనీని స్థాపించి, మిడిల్ హార్బర్ ఒడ్డున దాదాపు 650 ఎకరముల కొండనేలను ఆతడు కొనిపించెను. దానికి నీటియొడ్డే సుమారు నాలుగు మైళ్లు. ఇట్టి భూమి చేతబడిన వర్తకుడు చేయు పని అందరకు తెలిసినదే. గీతలు గీచినట్లు తిన్నని వీధులు వేసి, నీటి యంచు వరకు స్థలములు కోసి, అంచునకు దగ్గరైనకొలది వెల పెంచి ధనవంతులకు విక్రయించును. సిడ్నీ నౌకాశ్రయపు తీరమున ఎంతో భాగమిట్లే సామాన్యుని కంటికిని కాలికిని దూరమైనది. గ్రిఫిన్ ఈ వ్యాపారసూత్రమును తలక్రిందులు గావించెను. అన్నిటికంటె ఎక్కువ వెల పలుకు నీటియొడ్డునే అమ్మకమునుండి తప్పించి, పొడుగునను ఉమ్మడి వనముగా విడిచి, ఇండ్లను దానికి పైన, వాలుమీద అమర్చదలచెను.

ఆ యమరికలోని నేర్పు కాగితముమీది పటముకంటె కాలినడకన పోవువానికి చక్కగా తెలియును. వీధులు ఇరుకైనవి, కొండ యే యెత్తున వంగినదో ఆ యెత్తుననే వంగుచు పోవును. ఎదుట పెద్దబండ వచ్చిన దానిని పేల్చివేయక పక్కకు ఒదిగి సాగును. ఇండ్ల వెనుకనుండి సన్నని కాలిబాటలు బయలుదేరి, చెట్లగుంపులను, రాతిగుట్టలను చుట్టి, క్రిందనున్న ఉమ్మడి వనములలోనికి దిగును. ఒక ఇల్లు మరియొక యింటి చూపున కడ్డురాకుండ, ముందువరుసలోని రెండిండ్ల నడిమి సందునకు సరిగా వెనుకవరుసలోని ఇల్లు వచ్చునట్లు స్థలములు ఏర్పరుపబడెను. ఈ భూభాగమంతయు తనదేయని ప్రతివాడును అనుభవింపవలెననియు, అట్లనుభవించుట కెవడును దానిని పంచుకొని గోడ కట్టనక్కరలేదనియు గ్రిఫిన్ భావము.

ఇండ్లును భూమికి లోబడినవే. ఎత్తు తక్కువ; పైకప్పు సమతలము; గోడలు అచ్చటి ఇసుకరాతివో, లేక గ్రిఫిన్ తాను కనిపెట్టి 1917లో హక్కులు పొందిన ‘నిట్‌లాక్’ అను కాంక్రీటు బిళ్లలవో. ఈ బిళ్లలు పడుగుపేకలవలె ఒకదానితో నొకటి అంచులు కలిసి బిగిసిపోవును. బరువు తక్కువగుటచే కొద్దిమంది మనుష్యులే యెత్తి పేర్చుకొనవచ్చును. స్వల్పాదాయము గలవాడును అందమైన యింట నుండవలెనన్నది దీని యుద్దేశము. ఆనాటి సిడ్నీ శివారుపేటలను కమ్ముకొనుచుండిన ఎఱ్ఱపెంకు కప్పులు ఆ యడవి రంగులతో పొసగవని గ్రిఫిన్‌కు వానియెడ తీవ్రమైన విముఖత. అందుచే పెంకులు వలదనియు, కంచెలు వలదనియు, కట్టదలచిన ప్రతియింటి నమూనాను కంపెనీ యొప్పుకొనవలెననియు విక్రయపత్రములలోనే షరతులు వ్రాయించెను.

1925 ప్రాంతమున దంపతులు తామును ఇచ్చటికే వచ్చి కాపురముండిరి. గొడ్డళ్లకును కార్చిచ్చులకును లోబడి పలుచబడిన వాలులపై స్వదేశీయ వృక్షములనే మరల నాటించిరి. రుడాల్ఫ్ స్టైనర్ ఆధ్యాత్మిక తత్త్వమునం దనురక్తురాలైన మేరియన్, రెండు వాలుల నడుమ నొక లోయను ఎన్నుకొని, ప్రకృతిసిద్ధములైన రాతిమెట్లే ప్రేక్షకుల ఆసనములుగా, చెట్లే తెరలుగా, ఆరుబయట రంగస్థలము నేర్పరచి, గ్రీకు కథల నాటకములను ప్రదర్శింపజేసెను. ఇరుగుపొరుగువారే నటులు. గ్రిఫిన్ కాగితముమీద పొరుగుతనమునకు చోటు కల్పింపగా, దానికి ప్రాణము పోసినది మేరియన్. ఈ పేటను గూర్చి వ్రాయువారు చాలకాలము భర్త పేరొక్కటే చెప్పుచు వచ్చిరి, అది యన్యాయము.

వ్యాపారముగా మాత్రమిది ఫలింపలేదు. సిడ్నీ వంతెన 1932 వరకు తెరువబడనందున నగరమునకు పడవమీదనే పోవలసియుండెను. వింతయిండ్లకు అప్పిచ్చువారరుదు. 1929 తరువాతి ఆర్థికసంక్షోభము మిగిలిన యాశలను కూడ కృంగదీసెను. గ్రిఫిన్ ఇండ్లు ఇచ్చట సుమారు 15 మాత్రమే లేచినవి. జీవనోపాధికై ఆతడు పురపాలకసంఘములకు చెత్తదహనశాలలు కట్టుటకు పూనుకొని, అందును తన కళను చూపెను. పేట సమీపమున విలోబీలో 1934లో కట్టినది నేటికిని నిలిచియున్నది.

ఇక్కడినుండి కథ మన దేశమునకు వచ్చును. 1935లో లక్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయ నిర్మాణమునకై ఆహ్వానము రాగా గ్రిఫిన్ బయలుదేరివచ్చి, ఇచ్చటి వాస్తుకళను చూచి ముగ్ధుడై, పయనీర్ పత్రికకు ముద్రణాలయమును, నాటి యునైటెడ్ ప్రావిన్సుల పారిశ్రామిక ప్రదర్శనమునకు మండపములను, మరి యెన్నియో నమూనాలను అత్యంతోత్సాహముతో గీచెను. తోడ్పడుటకు మేరియన్ కూడ వచ్చెను. కాని 1937 ఫిబ్రవరిలో ఉదరవ్యాధికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట లక్నో ఆసుపత్రిలోనే ఆతడు మరణించెను. అచ్చటి క్రైస్తవ శ్మశానవాటికలో ఆతని సమాధి దీర్ఘకాలము గుర్తురాయి యైనను లేకుండ పడియుండెను. ఒక ఖండమున రాజధానిని, మరియొక ఖండమున విశ్వవిద్యాలయ గ్రంథాలయమును భావించినవానికి మనమిచ్చిన విశ్రమస్థానమిట్టిదగుట తలచిన మనస్సు కలుక్కుమనును. మేరియన్ కాసిల్‌క్రాగ్‌కు పోయి, తరువాత షికాగో చేరి, 1961లో కన్నుమూసెను.

గ్రిఫిన్ ఉదారబుద్ధిని ఎంత మెచ్చుకొనినను, ఒకటి మరువరాదు. ఈ కొండలు కంపెనీ కొనుటకు ముందు శూన్యములు కావు. కమేరైగల్ ప్రజలు వేలయేండ్లుగా ఈ ప్రాంతపు జలములలో చేపలు పట్టి, రాతిపంచల క్రింద తలదాచుకొని జీవించినవారు. కంచెలులేని భూమిని గూర్చి ఎవరిచేతనైనను చెప్పించుకొనవలసినవారు వారు కారు. ఆ సమష్టిభావము నెరిగియుండిన జనము తరిమివేయబడిన నూఱేండ్లకు పిమ్మట, అదే భావమును షరతులపత్రముగా వ్రాయించి అమ్మవలసివచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఖాళీస్థలములన్నియు నిండెను. గ్రిఫిన్ ఏవగించుకొనిన పెంకుకప్పులు కాసిల్‌క్రాగ్‌లోను కొన్ని వచ్చినవి. కంపెనీ కొనిన తక్కిన రెండు కొమ్ములైన మిడిల్ కోవ్, కాసిల్ కోవ్‌లందు ఇతరుల చేతులమీదుగా మామూలు శివారుపేటలే వెలసినవి. ఇండ్లనుబట్టి చూచువారు గ్రిఫిన్ ఓడిపోయెననవచ్చును. నేనట్లనజాలను. ఇల్లు కూలును, మారును. చేతులు మారినకొలది రూపు మార్చుకొనును. వీధి వంపులను, బాటలను, పంచి అమ్మక విడిచిన నీటియొడ్డును మార్చుట కష్టము. ఉమ్మడివనములు నేడు పురపాలకసంఘపు రక్షణలో నున్నవి. స్థానికులు సెలవుదినములందు గుంపులుగా కూడి, పరదేశపు కలుపును పెరికి, అడవిమొక్కలకు చోటు చేయుచున్నారు. లోయలోని రంగస్థలము మిగిలియున్నది. పేటలో సొంతయిల్లు లేని మనిషియును వీధినుండి కాలిబాట పట్టి, ఎవరి యనుమతియు కోరనక్కరలేకయే నీటివరకు దిగిపోవచ్చును.