గట్టి రంగు వెనక ఆయాసం

కొత్త చీర కొనేటప్పుడు మనవాళ్లు ముందడిగే మాట: ‘రంగు దిగదు కదా?’ నూలు బట్టల విషయంలో ఆ ప్రశ్నకు 1950లలో గట్టి జవాబే దొరికింది. దాంతోపాటే అద్దకం పనివాళ్ల ఊపిరితిత్తులకు కొత్త జబ్బూ వచ్చింది.

1856లో లండన్‌లో 18 ఏళ్ల విలియం హెన్రీ పెర్కిన్ క్వినైన్ తయారుచేయబోయి ఊదా రంగు తీశాడు. కృత్రిమ రంగులకు అదే నాంది. వాటిలో చాలా రంగులు నూలుకు పైపైన పట్టి, ఉతికితే దిగిపోయేవి. గట్టిగా నిలిచే వ్యాట్ రంగులతో అద్దకం తంటా ఎక్కువ. 1954లో మాంచెస్టర్ శివారు బ్లాక్లీలోని ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు చిక్కు విప్పారు. ట్రయాజిన్ అనే రసాయన భాగం తగిలించిన రంగును క్షార ద్రావణంలో వేస్తే అది నూలుతో రసాయనికంగా ముడిపడిపోయింది. 1956లో అది ‘ప్రోసియాన్’ పేరుతో బజారుకొచ్చింది. ఇవే రియాక్టివ్ రంగులు.

నూలును పట్టుకునే ఆ గుణం మనిషి ఒంట్లోనూ ఊరుకోదు.

మిల్లులో రంగుల గది చూడండి. పనివాడు డ్రమ్ము మూత తీసి, పొడి తోడి త్రాసులో పోస్తాడు. సన్నటి దుమ్ము లేస్తుంది. పని దిగాక ముక్కు చీదితే రుమాలుకు నీలమో ఎరుపో అంటుతుంది. ఊపిరితో లోపలికెళ్లిన రంగు రక్తంలోని ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లకు అతుక్కుంటుంది. కొందరి శరీరం ఆ జోడీని శత్రువుగా భావించి, దానిపై ఐజీఈ యాంటీబాడీలు తయారుచేస్తుంది. నెలలో, ఏళ్లో గడిచాక తుమ్ములు, ఛాతీ పట్టేయడం, పిల్లికూతలు, ఉబ్బసం మొదలవుతాయి.

1978లో ఫిన్లాండ్ వైద్యులు ఇలాంటి నాలుగు కేసులను బయటపెట్టారు. 1987లో బ్రిటన్‌లో 400 మందికి పైగా పనివాళ్లను పరీక్షిస్తే అక్కడా ఈ అలర్జీ బయటపడింది. 1991లో కొరియా పరిశోధకులు రియాక్టివ్ రంగులతో పనిచేసే 309 మందిని పరిశీలించారు. వారిలో 78 మంది పనికీ ఊపిరి ఇబ్బందికీ లంకె ఉందని చెప్పారు.

విరుగుడు మొదట రంగులోనే వెతికారు. పొడి బదులు దుమ్ము లేవని గుళికలు, ద్రవ రూపాలు వచ్చాయి. పెద్ద మిల్లుల్లో తూకం వేసే చోటే దుమ్మును లాగేసే ఫ్యాన్లు, మనిషి చెయ్యి పడకుండా రంగు కొలిచే యంత్రాలు పెట్టారు. ఇవి లేని చోట భారమంతా మాస్కు మీదే పడుతుంది.

ఒకసారి అలర్జీ పట్టుకున్నాక చిటికెడు దుమ్ముకే ఆయాసం రావచ్చు. అప్పుడు మందులు మాత్రమే చాలవు, ఆ మనిషిని ఆ గది నుంచి మార్చాలి. అందుకే పిల్లికూతలతో వచ్చినవాళ్లను వృత్తి వ్యాధుల వైద్యులు రెండు ప్రశ్నలు తప్పక అడుగుతారు: ఏం పని చేస్తారు, సెలవు రోజుల్లో ఆయాసం తగ్గుతోందా?