చమురు లొట్టి కథ

సూర్యాపేట నుంచి కోదాడ దాకా పోయే రహదారిలో లారీలు ఆగే దాబాల ముందర నేలను గమనించారా? అక్కడి మట్టి సహజంగా ఏ రంగుదైనా, పైపొర మాత్రం నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. తొలకరి జల్లు పడగానే ఆ నలుపు మీద ఇంద్రధనుస్సు రంగులు తేలుతాయి. ద్విచక్రవాహనాల వారు జారిపడేది ముఖ్యంగా ఆ పూటనే. ఆ చమురంతా ఎక్కడో చాంబరు పగిలి కారినదే అనుకుంటాము. అందులో కొంత ఇంజను విడిచిన ఊపిరి.

ఇంజను శ్వాసిస్తుందనడం కవిసమయం కాదు. సిలిండరులో ఇంధనం మండినప్పుడు పుట్టే ఒత్తిడి ముషలకాన్ని, అనగా పిస్టనును, కిందికి నెడుతుంది. పిస్టను చుట్టూ ఉన్న రింగులు ఎంత బిగువైనవైనా కొద్దిపాటి వాయువు వాటి సందుల గుండా కిందికి జారుతుంది. మన మెకానిక్కులు దీనికి పెట్టుకున్న పేరు ‘బ్యాక్ కంప్రెషన్’. జారిన వాయువు క్రాంకు గదిలో చేరి, అక్కడ చిలుకబడుతున్న చమురు తుంపరలను కలుపుకొని, బయటికి దారి వెతుక్కుంటుంది. దారి చూపకపోతే సీళ్ళను చీల్చుకొని తానే దారి చేసుకుంటుంది. అందుకే ప్రతి ఇంజనుకూ ఒక నాసిక ఏర్పాటు చేశారు. దానిని ‘బ్రీదర్’ అంటారు. ఆ నాసిక నుంచి వచ్చే చమురు ఎవరి నెత్తిన పడాలి అనే ప్రశ్నకు వందేళ్ళుగా దొరుకుతూ వచ్చిన సమాధానాలే ఈ వ్యాస విషయం.

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. ఎడమ కాలువ నీరు పారిన తరువాత మిర్యాలగూడ రూపురేఖలే మారాయి. వరి పెరిగింది, మిల్లులు వెలిశాయి, బియ్యం బస్తాల కోసం లారీలు బారులు తీరాయి. అంతకు మునుపు బావుల మీద వ్యవసాయం చేసినవారికి ఆయిల్ ఇంజను చప్పుడు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండులోని డర్స్లీ పట్టణంలో లిస్టర్ సంస్థ 1930 ప్రాంతాన తెచ్చిన మందగమన ఇంజనుకు రాజకోటలో ఎన్నో అనుకృతులు తయారై దేశమంతటా వ్యాపించాయి. ఆ ఇంజను పక్క తలుపు మీద ఒక చిన్న డబ్బీ, అందులో పలుచని ఉక్కు బిళ్ళ ఉంటాయి. పిస్టను దిగినప్పుడు బిళ్ళ లేచి గాలిని బయటికి వదులుతుంది. పిస్టను ఎక్కినప్పుడు మూసుకుంటుంది. అందువల్ల లోపల ఎల్లప్పుడూ స్వల్పమైన శూన్యం నిలిచి, బేరింగుల దగ్గర చమురు ఊరకుండా ఉంటుంది. ఇంత సులువైన, ఇంత తెలివైన ఏర్పాటును నేను యంత్రాలలో అరుదుగా చూచాను. చిలుము పట్టిన ఆ బిళ్ళను ఊడదీసి పారవేసి, తరువాత ఇంజను నూనె కారుతున్నదని వాపోయే రైతులూ ఉండేవారు.

కార్లలో మొదట ఇంత శ్రద్ధ కనబడదు. క్రాంకు గది నుంచి ఒక గొట్టం నేలవైపు వంచి వదిలేవారు. బండి వేగంగా పోతున్నప్పుడు గాలి ఆ గొట్టం కొనను ఒరుసుకుంటూ లోపలి పొగను లాగేది. బండి నిలిచి ఉంటే లాగేది కాదు. చమురు మాత్రం రెండు సందర్భాలలోనూ దారి మీద పడేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో యుద్ధశకటాలు వాగులు దాటవలసి వచ్చినప్పుడు ఆ తెరచిన గొట్టం గుండా నీరు లోపలికి పోయే ప్రమాదం ఏర్పడింది. అప్పుడు గొట్టాన్ని మళ్ళీ ఇంజను పీల్చే గాలిలోకే కలిపి, మధ్యలో ఒక కవాటం పెట్టారు. నేటి పి.సి.వి. కవాటానికి పూర్వరూపం అదే. తరువాత 1950ల తొలినాళ్ళలో హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు లాస్ ఏంజిలిస్ నగరాన్ని కమ్ముకునే మసక పొగలో వాహనాల పాత్రను నిరూపించాడు. కారు విడిచే హైడ్రోకార్బనులలో సుమారు ఐదవ వంతు సైలెన్సరు నుంచి కాక ఈ ఊపిరి గొట్టం నుంచే వస్తున్నదని లెక్క తేలింది. కాలిఫోర్నియాలో 1961 నమూనా కార్లకూ, 1963 నాటికి అమెరికా అంతటా కొత్త కార్లకూ పి.సి.వి. వచ్చింది. విడిచిన ఊపిరిని తానే పీల్చి కాల్చుకొమ్మని యంత్రాన్ని శాసించారన్నమాట.

ఇక పందెపు బండ్లకు వద్దాము. ఇంజను అత్యధిక వేగంతో తిరుగుతుండగా బండి మలుపు తీసుకుంటే చమురు ఒక పక్కకు ఒరిగి, పైనుంచి కిందికి దిగవలసిన రంధ్రాలను ముంచివేస్తుంది. అప్పుడు ఊపిరి గొట్టం నుంచి ఆవిరి బదులు చమురే పోటెత్తుతుంది. పందెపు బాట మీద పడిన గరిటెడు చమురు ముందు పోయేవానికి తెలియదు. వెనుక వచ్చేవాని చక్రం కింద పడుతుంది. పందేలలో దీనికోసం ప్రత్యేకంగా ఒక జెండాయే ఉన్నది, పసుపు మీద ఎర్ర చారలది. అంతర్జాతీయ మోటారు సమాఖ్య నియమాలలో, ఊపిరి గొట్టం బయటికి తెరచి ఉన్న బండికి చమురు పట్టే పాత్ర తప్పనిసరి. ఇంజను పరిమాణం 2000 సి.సి. లోపైతే 2 లీటర్లు, మించితే 3 లీటర్లు పట్టాలి. పాత్ర కాంతి చొరబడే ప్లాస్టిక్కుదైనా కావాలి, లేదా లోపల చూడడానికి పారదర్శకమైన కిటికీ అయినా ఉండాలి. ‘క్యాచ్ క్యాన్’ అని నేటి యువకులు ముచ్చటపడి కొనుక్కునే వస్తువు వంశవృక్షం ఇది. గమనించండి, ఈ నియమంలో ఇంజను ఆరోగ్యం ప్రసక్తి లేదు. వెనుకవాని ప్రాణం కోసం పుట్టిన పాత్ర అది.

దీనికి తెలుగు మాట ఏది అని వెతకనక్కరలేదు. మా నల్లగొండ ప్రాంతంలో తాటిచెట్టు గెలకు కట్టి, బొట్టుబొట్టుగా రాలే కల్లును పట్టేదానిని లొట్టి అంటాము. ఇది చమురు లొట్టి. అభ్యంతరమున్న పండితులు ‘తైలగ్రాహి’ అనవచ్చును గాని, ఆ మాటతో దుకాణానికి వెళితే వస్తువు దొరకదు.

మన దక్షిణాదిలో ఈ క్రీడ చరిత్ర చెన్నై పరిసరాలలోని షోలవరం పాత విమానాశ్రయపు బాట మీద మొదలై, 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర కట్టిన శాశ్వతమైన బాటకు మారింది. కోయంబత్తూరు తెలుగు కుటుంబానికి చెందిన కరివర్ధన్ 1980ల చివర మారుతి 800 ఇంజనుతో ఒంటి కుర్చీ పందెపు బండ్లను స్వయంగా రూపొందించి, సామాన్యులైన కుర్రవాళ్ళకు కూడా పందెం అందుబాటులోకి తెచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. తమిళనాట స్థిరపడిన మన తెలుగువారి గురించి చెప్పుకునేటప్పుడు ఈ పేరు ఎందుకో మరచిపోతాము.

టర్బో సంగతి వేరే చెప్పాలి. స్విట్జర్లండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో దానికి పేటెంటు పొందాడు. వృథాగా పోయే పొగతో చక్రం తిప్పి, ఆ చక్రంతో గాలిని కుక్కి ఇంజనుకు అందించడం ఆయన ఊహ. మన రహదారి మీది లారీలకు ఇది విరివిగా వచ్చినది 1990ల తరువాతనే. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ జంషెడ్‌పూర్‌లో అటువంటి ఇంజనులు చేసింది. పెట్రోలు కార్లలో 2004 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2013 నాటి ఫోక్స్‌వాగన్ పోలో జిటి టిఎస్ఐ మన యువకుల మనసు దోచినవి. గాలిని కుక్కితే సిలిండరులో ఒత్తిడి పెరుగుతుంది, రింగుల సందున జారే వాయువూ పెరుగుతుంది. టర్బో ఒత్తిడి చేస్తున్నంతసేపూ పి.సి.వి. దారి మూసుకోవాలి, లేకుంటే గాలి ఎదురు తిరిగి క్రాంకు గదిలోకే పోతుంది. అప్పుడు ఊపిరి రెండవ గొట్టం గుండా టర్బో ముఖంలోకి పోతుంది. వెంట తీసుకుపోయిన చమురు ఇంటర్‌కూలరు లోపల పూతగా పట్టి, సిలిండరు చేరి, పెట్రోలుకు అకాల విస్ఫోటాన్ని నిరోధించే శక్తిని తగ్గిస్తుంది. నేరుగా సిలిండరులోకే పెట్రోలు చిమ్మే ఇంజనులలో కవాటాల వెనుక భాగాన్ని కడిగే పెట్రోలు ఉండదు కనుక అక్కడ మసి గట్టిపడుతుంది.

కోదాడలోని నా పూర్వ విద్యార్థి ఒకడు పాత పోలో జిటి టిఎస్ఐని శ్రీపెరుంబుదూరు తీసుకువెళ్ళే ఉత్సాహంలో ఉండి, “సార్, ఏ లొట్టి కొనాలె?” అని అడిగాడు. చరిత్ర తెలిస్తే సగం జవాబు తెలిసినట్లే. ముందు పోటీ నియమావళి చదువు నాయనా అన్నాను. అతని ఇంజను 1197 సి.సి. టర్బో ఉన్న పెట్రోలు ఇంజనును సమాఖ్య 1.7తో గుణిస్తుంది, లెక్కకు 2035 సి.సి. దగ్గర తేలుతుంది. ఆ లెక్కన రెండు లీటర్ల పాత్ర చాలదు, మూడు కావాలి. మెరుగు పెట్టిన ముప్పావు లీటరు డబ్బా అందంగానే ఉంటుంది గాని పరిశీలకుడు ఒప్పుకోడు.

రెండవది, లోపల ఏమున్నది? అంగడిలో దొరికే చౌక డబ్బాలలో చాలా భాగం ఉత్త ఖాళీ రేకులు. వాయువు ఒక ముక్కున వచ్చి మరొక ముక్కున పోతుంది. అడ్డుపలకలో, ఉక్కు జాలో ఉండాలి. వాయువు వాటిని తాకి, మళ్ళి, నిదానిస్తేనే తుంపరలు విడిపోతాయి. గొట్టం లోపలి కొలత కంపెనీ గొట్టం కంటే తగ్గరాదు. నీళ్ళ రబ్బరు గొట్టం వాడితే చమురుకు ఉబ్బి, శూన్యానికి నలిగి మూసుకుపోతుంది. చమురుకు తట్టుకునేదే కావాలి. గొట్టం మధ్యలో ఊయలలాగా వేలాడితే పల్లంలో చమురు నిలిచి దారిని మూస్తుంది. డబ్బాను ఊగే ఇంజనుకు కాక బండి దేహానికి గట్టిగా బిగించాలి. టర్బోకూ పొగ గొట్టాలకూ దూరంగా, చల్లగాలి తగిలేచోట ఉంచాలి. వేడి టర్బో మీద చమురు చిందితే అగ్నిప్రమాదం. పి.సి.వి. వైపు గొట్టంలో పెడితే ఎదురు గాలిని ఆపే కవాటం అక్కడ పనిచేస్తున్నదో లేదో చూచుకోవాలి.

మూడవది, వాడికి నచ్చనిది. డబ్బా నెత్తిన చిన్న వడపోత పెట్టి ఊపిరిని బయటికి వదిలివేస్తే పందెపు బాట మీద చెల్లవచ్చు. అదే బండిని సూర్యాపేట వీధులలో నడపరాదు. పెట్రోలు కార్ల క్రాంకు గది వాయువును బయటికి వదలడాన్ని మన భారత్ స్టేజ్ ప్రమాణాలు అనుమతించవు. వీధిలో నడిచే బండికి లొట్టి కావాలంటే వాయువు డబ్బా గుండా పోయి తిరిగి ఇంజనులోకే చేరాలి. “అందరూ వదిలేస్తున్నరు గద సార్” అన్నాడు. ఒకప్పుడు లాస్ ఏంజిలిస్‌లోనూ అందరూ వదిలేసేవారు.

డబ్బా ఒక్క పూటలో నిండితే సంతోషించవలసినది లేదు. రింగులు అరిగాయేమో కంప్రెషన్ కొలిపించాలి. లొట్టి రోగాన్ని మాన్పదు, చూపుతుంది. చలికాలపు ఉదయాలలో అందులో మజ్జిగ వంటి తెల్లని ద్రవం కనబడితే అది నీరూ, పెట్రోలూ, చమురూ కలిసిన కషాయం. దానిని పొదుపు పేరిట మళ్ళీ ఇంజనులో పోయకూడదు. కాలువలోనూ పోయకూడదు, వాడిన చమురు సేకరించేవారికి ఇవ్వాలి. పందెం మధ్యలో ప్రతి విరామానికీ తెరచి చూచి ఖాళీ చేయడం ఉత్తమం.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ పందెం జరిగింది. అన్నీ విద్యుత్తు బండ్లే. వాటికి పిస్టను లేదు, రింగు లేదు, ఊపిరి గొట్టమూ లేదు. కోదాడ కుర్రవాడు ఆ పందెం చూచి వచ్చి, చప్పుడే లేదు సార్ అని నిరాశపడ్డాడు. మూడు లీటర్ల డబ్బా మాత్రం తెప్పించుకున్నాడు; బిగింపు పట్టీలను మిర్యాలగూడలో మిల్లు యంత్రాలు బాగుచేసే ఒక లేత్ షాపులో చేయించాడు.