మూసలో పోసిన మాట

“ప్లగ్ తీసిన తర్వాతే వెనక మూత తెరవండి.” ఒక యంత్రంతో వచ్చే పుస్తకాల్లో ఈ వాక్యం కనీసం మూడు చోట్ల ఉంటుంది: వాడేవాళ్ల పుస్తకంలో, బిగించేవాళ్ల పుస్తకంలో, రిపేరు చేసేవాళ్ల పుస్తకంలో. అదే కంపెనీ మరో రెండు మోడళ్లు తెస్తే తొమ్మిది చోట్లవుతుంది. ఏడాది తర్వాత ఇంజినీరు వచ్చి, ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచే ఉంటుంది, అయిదు నిమిషాలు ఆగమని చేర్చండి అంటాడు. ఎనిమిది చోట్ల దిద్ది ఒకటి మరిచిపోతే, ఆ ఒక్క పుస్తకం చేతికొచ్చిన మనిషికి షాకు కొడుతుంది. డాక్యుమెంటేషన్ సాఫ్ట్‌వేర్లలో ఒక ప్రాజెక్టు ఫైలును ఇంకో ప్రాజెక్టు వాడుకునే ఏర్పాటు ఇందుకోసమే.

దీని మూలం వెతుక్కుంటూ పోతే కంప్యూటర్ దాటి ప్రెస్సు గదిలోకి వెళ్లాలి. సీసపు అక్షరాల కాలంలో పుస్తకం అచ్చయ్యాక పేజీలు విప్పి అక్షరాలను మళ్లీ గళ్లలో వేసేవారు. ఇంకో ముద్రణ కావాలంటే కంపోజింగ్ మొదటికొచ్చేది, దాంతోపాటు కొత్త తప్పులూ వచ్చేవి. 1725 ప్రాంతంలో ఎడిన్‌బరోలో విలియం గెడ్ అనే కంసాలి, కూర్చిన పేజీ మీద ప్లాస్టర్ పరిచి మూస తీశాడు. అందులో లోహం పోసి పేజీ మొత్తాన్ని ఒకే పలకగా చేశాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కోసం బైబిళ్లు, ప్రార్థన పుస్తకాలు ఇలా అచ్చు వేయడానికి ఒప్పందం కుదిరింది. తమ కూటికి ఎసరు వస్తుందని కంపోజిటర్లు భయపడ్డారు. వాళ్లు కావాలని తప్పులు పెట్టేవారని, ఆ పలకలను చివరికి కరిగించేశారని ముద్రణ చరిత్రల్లో ఉంది. గెడ్ సొంత ఊరికి తిరిగొచ్చి, 1739లో రోమన్ చరిత్రకారుడు సాలస్ట్ పుస్తకాన్ని పలకలతోనే అచ్చు వేసి చూపించాడు.

పలకల అసలు విలువ 1795లో పారిస్‌లో తేలింది. ఫిర్మాఁ దిదో లాగరిథమ్ పట్టికలను ఆ పద్ధతిలో అచ్చు వేశాడు. అన్నీ అంకెలే, ఒక్కటి మారినా నావికుడి లెక్క తప్పుతుంది. పలకలో ఒకసారి దిద్దిన తప్పు మళ్లీ తలెత్తదు, దిద్దేటప్పుడు పక్క అంకె చెదరదు. ‘స్టీరియోటైప్’ అన్న మాట పెట్టింది కూడా దిదోనే. ఇవాళ దాన్ని తిట్టుగానే వాడుతున్నాం. మనమూ మూస కథ, మూస సినిమా అంటాం. ఆ మాటకు ఇది అన్యాయమే. పుట్టినప్పుడు దానికి ఉన్న అర్థం, దిద్దినది దిద్దినట్టే నిలవడం.

ఒకసారి రాసినదాన్ని మళ్లీ వాడుకునే ఈ పని కంప్యూటర్‌లో 1964లోనే కనిపిస్తుంది. ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్జర్ తన పరిశోధన ప్రతిపాదనను టైపు చేసుకోవడానికి ‘రనాఫ్’ అనే ప్రోగ్రామ్ రాసుకున్నాడు. అందులో ‘అపెండ్’ అని ఒక ఆజ్ఞ ఉంది. అది చెప్పేది ఇంతే: తర్వాతి పంక్తి కోసం ఫలానా ఫైలు మొదటి పంక్తికి వెళ్లు. ఒక ఫైలు ఇంకో ఫైలును పేరు పెట్టి పిలవడం మొదలైందన్నమాట. తర్వాత స్టూవర్ట్ మాడ్నిక్ రాసిన ‘స్క్రిప్ట్’ ప్రోగ్రామ్‌లో ‘ఇంబెడ్’ ఆజ్ఞ చేరింది. పిలిచిన ఫైలు అయిపోగానే వెనక్కి వచ్చి, ఆగిన చోటు నుంచి సాగుతుంది. చిన్న తేడాలా కనిపించినా, అధ్యాయం నడుమ ఒక హెచ్చరికనో పట్టికనో తెచ్చి పెట్టడం ఈ వెనక్కి రావడం వల్లే వీలైంది.

అక్కడి నుంచి దారి తిన్నగానే ఉంది. 1969లో ఐ.బి.ఎం.లో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ కలిసి జి.ఎం.ఎల్. అనే మార్కప్ భాషను రూపొందించారు. ఆ మూడు అక్షరాలూ వాళ్ల ఇంటిపేర్లవే. అది ఎదిగి 1986లో ఎస్.జి.ఎం.ఎల్. అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. ఐ.బి.ఎం. 2001లో బయటపెట్టిన ‘డిటా’ అనే డాక్యుమెంటేషన్ పద్ధతిని 2005లో ఒయాసిస్ సంస్థ ప్రమాణంగా ఆమోదించింది. దాని ‘కాన్‌రెఫ్’తో మొత్తం ఫైలే తేనక్కర్లేదు, వేరే ఫైలులోని ఒక్క పేరానో ఒక్క హెచ్చరికనో పిలిస్తే చాలు. అయితే ఆ పిలుపులో ఫైలు ఉన్న చోటు రాసి ఉంటుంది. ఫైలు చోటు మారితే పిలుపు తెగుతుంది. 2010లో వచ్చిన 1.2 రూపంలో చోటుకు బదులు ఒక ‘కీ’ ఇచ్చి పిలిచే వీలు కల్పించారు. ఇల్లు మారినా మనిషి పేరు మారనట్టు.

మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్ అనే డాక్యుమెంటేషన్ సాఫ్ట్‌వేర్ ఇంకో దారి పట్టింది. అందరికీ పనికొచ్చే ఫైళ్లు ఒక తల్లి ప్రాజెక్టులో ఉంటాయి. మిగతా ప్రాజెక్టులు వాటి నకళ్లు తెచ్చుకుంటాయి, తల్లి మారితే నకళ్లను మళ్లీ తెప్పించుకుంటాయి. ఇక్కడ జాగ్రత్త కావాలి. తొందరలో ఎవరైనా నకలును దిద్దితే, తల్లి ప్రతి మళ్లీ వచ్చినప్పుడు ఆ దిద్దుబాటు కొట్టుకుపోతుంది. అందుకే అలాంటి ఫైలును ముట్టుకోబోతే సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. నా అభిప్రాయంలో మొదట తేల్చుకోవాల్సింది ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది కాదు, తల్లి ప్రాజెక్టు బాధ్యత ఎవరిదన్నది. ఆ మనిషి పేరు ముందే రాసి పెట్టుకోని చోట, నెలలు తిరక్కుండానే నకళ్లు తలో దారిన పోతాయి.

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లకు ఈ పద్ధతి రోజూ చేతిలో ఉన్నదే. జంట మీసాల బ్రాకెట్ల మధ్య పేరు రాస్తే చాలు, వేరే పేజీలో ఉన్న పాఠం ఇక్కడికి వచ్చి కూర్చుంటుంది. అక్కడ మారిస్తే పిలిచిన పేజీలన్నిటా మారుతుంది. ఇంగ్లీషు వికీపీడియాలో దాన్ని టెంప్లేట్ అంటారు. తెలుగు వికీపీడియాలో దాని పేరు ‘మూస’.