కైంచీ తారీఖ్

ఉర్దూలో తారీఖ్ అనే మాటకు రెండు అర్థాలు. క్యాలెండర్‌లో ఉండే తేదీ ఒకటి, చరిత్ర ఇంకొకటి. మా ఉర్దూ మీడియం స్కూల్లో హిస్టరీ పీరియడ్‌ను తారీఖ్ పీరియడ్ అనేవాళ్ళం. సినిమాల్లో కోసేసిన సీన్ల మీద రాద్దామని కూర్చుంటే నాకు ముందు తేదీలే గుర్తొచ్చాయి.

చిన్నప్పుడు అనంతపురం పాతూరులో మా మొహల్లా పిల్లోళ్ళకు ఒక షౌక్ ఉండేది. టాకీసు వెనక్కి పోయి ఫిల్ము ముక్కలు ఏరుకొచ్చేవాళ్ళం. రీలు తెగితే ఆపరేటర్ కైంచీతో కొంచెం కోసి అతికిస్తాడు కదా, ఆ ముక్కలు. ఎండకు పట్టి చూస్తే చిరంజీవో, విజయశాంతో కనపడేవాళ్ళు. సినిమాలోంచి కోసేసింది కూడా ఎక్కడో ఒకచోట పడి ఉంటుందని నాకప్పుడు గట్టి యకీన్.

1995లో 'బొంబాయి' వచ్చింది. నేను ఎనిమిదో తరగతి. అబ్బా సినిమాలకు వచ్చే మనిషి కాదు. ఆ ఒక్క సినిమాకు మాత్రం నన్ను వెంటబెట్టుకుని పోయాడు. 1992 డిసెంబర్ 6 తర్వాత మా ఇంట్లో చాలా రోజులు ఎవరూ గట్టిగా మాట్లాడింది లేదు. ఆ రోజును తెర మీద ఎట్లా చూపిస్తారో చూడాలని ఆయనకు ఉండిందేమో. తీరా అక్కడికొచ్చేసరికి మస్జిద్ లేదు, గుంబద్ లేదు. అఖ్బార్ల మొదటి పేజీలు వచ్చాయి, పోయాయి. కూల్చివేత తస్వీర్లకు సెన్సార్ బోర్డు ఒప్పుకోలేదు. అందుకే మణిరత్నం పేపర్ల హెడ్డింగులతో కథ నడిపించాడు.

ఇంటికి నడిచి వస్తూ అడిగాను, ఎందుకు చూపించలేదని. "దిఖాయే తో ఫిర్ ఆగ్ లగ్తీ బోల్కే, బేటా" అన్నాడు అబ్బా. కాసేపటికి తనే మళ్ళీ అన్నాడు, చూపించకపోవడమే మంచిదయిందని. నాకు అర్థం కాలేదు. పెళ్ళయి, పిల్లలు పుట్టినాక అర్థమయింది. ఆ గుంబద్ పడేటప్పుడు బెంచీ క్లాసులో ఎవరైనా ఈల వేసి ఉంటే? కొడుకు పక్కన కూర్చుని ఆ ఈల వినాల్సి వస్తుందేమోనని ఆయన భయం. అందుకే సెన్సార్‌ను ఒక్క మాటతో జుల్మ్ అనేయడానికి నాకు నోరు రాదు. ఆ రోజు కైంచీ మా అబ్బాకు కాస్త రహమ్ చేసింది.

కానీ అదే సినిమాకు ఇంకో కైంచీ కూడా పడింది. బాల్ ఠాక్రేను పోలిన పాత్ర ఒకటి ఉంది, టీనూ ఆనంద్ వేశాడు. అల్లర్లు చూసి ఆ పాత్ర పశ్చాత్తాపపడే సీన్ మీద ఠాక్రేకు అభ్యంతరం వచ్చింది. అక్కడా కోత పడింది. మరి హైదరాబాద్‌లోనో? ముస్లిముల అభ్యంతరాలతో కొన్నాళ్ళు సినిమానే ఆపారు. బొంబాయి అల్లర్లలో చనిపోయినవాళ్ళు 900 మంది, అందులో 575 మంది ముస్లిములు. ఇది శ్రీకృష్ణ కమిషన్ లెక్క. ఆ ఇళ్ళకు పోయి, ఏ సీన్ ఉంచమంటారు, ఏది తీయమంటారు అని అడిగినవాళ్ళున్నారా?

ఈ సవాల్ నాకు జర్నలిస్టు అయినాక మా జిల్లాలోనే మళ్ళీ ఎదురయింది. 2010 అక్టోబర్ 22న రామ్ గోపాల్ వర్మ 'రక్త చరిత్ర' వచ్చింది. పరిటాల రవి కథ. రవిని 2005 జనవరి 24న అనంతపురంలోనే, తెలుగుదేశం పార్టీ ఆఫీసు దగ్గర కాల్చి చంపారు. ఆ రోజు ఊరు ఎట్లా ఉండిందో ఇక్కడి వాళ్ళకు చెప్పక్కర్లేదు. దుకాణాల షట్టర్లు పడిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అట్లాంటి ఊళ్ళో, ఆరేళ్ళు కూడా నిండకముందే ఆ ఖూన్ ఖరాబా పోస్టర్ల మీదికి ఎక్కింది.

రెండు వైపుల వాళ్ళూ బతికే ఉన్నారు. తండ్రి పోయినవాళ్ళు, కొడుకు పోయినవాళ్ళు. మద్దెలచెరువు సూరి కుటుంబం 1993లో టీవీలో పెట్టిన బాంబుకు బలయింది. ఇవన్నీ రెండు భాగాల్లో సీన్లయ్యాయి. అయితే గొడవ దేని మీద లేచింది? ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర మీద. శత్రుఘ్న సిన్హా వేశాడు. తెలుగుదేశం వాళ్ళు థియేటర్ల దగ్గరికి వచ్చారు, వర్మ దిగివచ్చాడు, అభ్యంతరమన్న సీన్లు పోయాయి. పెద్ద నాయకుడి ఇజ్జత్‌కు కైంచీ దొరికింది. పల్లెల్లో బేవాలకు దొరకలేదు.

రెండో భాగం డిసెంబర్ 3న వచ్చింది. సరిగ్గా నెల తిరిగేసరికి, 2011 జనవరి 3న, హైదరాబాద్‌లో సూరిని చంపేశారు. సినిమా వల్ల జరిగిందని నేను అనను. అది వేరే హిసాబ్. కానీ తెర మీద కథ అయిపోయిందని లైట్లు వేసినాక బయట ఇంకా నడుస్తూనే ఉంది. దాన్ని 'చరిత్ర' అనడానికి తొందరపడ్డారనే ఇప్పటికీ అనుకుంటాను.

కైంచీ ఎవరి చేతికి వస్తుందో తెలుసుకోవడానికి పెద్ద ఇల్మ్ అక్కర్లేదు. ఎవరికి గుంపు ఉంటే వాళ్ళ చేతికి. 2012 అక్టోబర్ 18న 'కెమెరామెన్ గంగతో రాంబాబు' వచ్చినప్పుడు తెలంగాణ ఉద్యమకారులు థియేటర్ల మీదికి పోయారు, కొద్ది రోజుల్లోనే కోతలు పడ్డాయి. మనవాళ్ళు తక్కువేం కాదు. 2013లో 'విశ్వరూపం' తమిళనాడులో ఆగిపోయింది. ముస్లిం జమాతులతో మాట్లాడి ఏడు చోట్ల కోతకు, మ్యూట్‌కు కమల్ హాసన్ ఒప్పుకున్నాకే ఫిబ్రవరి 7న అక్కడ విడుదలయింది. వెనక తిలావత్ వినిపిస్తుంటే ముందు హింస చూపడం నన్నూ బాధపెట్టింది. అయినా రోడ్డు మీదికి రాగలిగాం కాబట్టి కోయించగలిగాం. ఆ సంగతి నాకు ఖుషీ ఇవ్వలేదు.

రోడ్డు మీదికి రాలేని వాళ్ళ తారీఖ్ ఒకటుంది. 1997 నవంబర్ 19. నేను పదో తరగతి. ఆ రోజు హైదరాబాద్‌లో రామానాయుడు స్టూడియోలో 'శ్రీరాములయ్య' సినిమా ముహూర్తం జరిగింది. రవి తండ్రి పరిటాల శ్రీరాములు కథ అది, మోహన్‌బాబు హీరో. ముహూర్తం చూసుకుని రవి తిరిగి వస్తుంటే జూబ్లీహిల్స్‌లో కారు బాంబు పేలింది. రవి గాయాలతో బయటపడ్డాడు. 26 మంది పోయారు. అందులో ఆ వేడుకను కవర్ చేయడానికి వచ్చిన టీవీ సిబ్బంది కూడా ఉన్నారు. ఆ కేసులో సూరికి యావజ్జీవ శిక్ష పడింది.

పదమూడేళ్ళ తర్వాత ఆ పేలుడు కూడా ఒక సీన్ అయింది. నేను జర్నలిస్టుగా కూర్చుని చూశాను. పొగ, మంట, కార్లు గాల్లోకి లేవడం. నా కళ్ళు మాత్రం కెమెరా భుజాన వేసుకున్న మనిషి ఎవరైనా కనపడతాడా అని వెతికాయి. వాళ్ళకు పార్టీ లేదు, ఫ్యాక్షన్ లేదు. ఆ సీన్ తీసేయమని గానీ, ఇంకాస్త సరిగా చూపించమని గానీ ఏ థియేటర్ ముందూ ఎవరూ నిలబడలేదు.

చిన్నప్పుడు మాతో ఫిల్ము ముక్కలు ఏరిన దోస్తు ఒకడు తర్వాత ప్రొజెక్టర్ ఆపరేటర్ అయ్యాడు. 'రక్త చరిత్ర'లో తీసేసిన ముక్కలు ఏం చేశావని నవ్వుతూ అడిగాను. "అబ్ రీల్ కహాఁ హై భాయ్, అంతా కంప్యూటర్‌లోనే. నీచే కుఛ్ నై గిర్తా" అన్నాడు.