పాకాల వాగు – మన మట్టెవాడ అడవి నీళ్లు ఎంత దూరం పోతయి?



మనది మట్టెవాడ అంటే చాలు, "వరంగల్ టౌన్ల మట్టెవాడనా?" అని అడుగుతరు. కాదు, గూడూరు మండలం మట్టెవాడ. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. పాకాల అడవి అంచున ఉన్న ఊరు. ఈ రోజు ఆ అడవిలో పుట్టే నీళ్ల చరిత్ర చెప్పుకుందాం.

మేడారం జాతరకు పోయినప్పుడు జంపన్న వాగులో స్నానం చేస్తం. ఆ నీళ్లు గోదావరికి పోతయి. మన పాకాల నీళ్లు మాత్రం దక్షిణం పట్టి కృష్ణకు పోతయి. రెండూ మన అడవుల నీళ్లే, దారులే వేరు.

పాకాల చెరువు కాకతీయ గణపతిదేవుని కాలంలో, సుమారు 1213లో కట్టిందని చెప్తరు. కట్టించింది ఆయన మంత్రి బయ్యన నాయకుని కొడుకు జగదాల ముమ్మడి అని శాసనం ఉంది. గుట్టల మధ్య పారే వాగుకు అడ్డంగా కట్ట వేస్తే 30 చదరపు కిలోమీటర్ల చెరువు అయింది. శాసనంలో కట్టించినోళ్ల పేరుంది. మట్టి మోసినోళ్ల పేర్లు, అంతకు ముందు ఆ వాగు గట్టున బతికినోళ్ల పేర్లు లేవు. చరిత్ర చదివేటప్పుడు ఈ ఖాళీని కూడా చదవాలె.

చెరువు దిగువన పాకాల వాగు గూడూరు మీదుగా పారుతది. గార్ల దగ్గర దాన్నే పాకాల ఏరు అంటరు. వానాకాలం అక్కడి చెక్‌డ్యాం మీదుగా నీళ్లు పోతే రాంపురం, మద్దివంచ ఊళ్లకు రాకపోకలు బంద్. ఇంకా కిందికి పోతే అదే మున్నేరు. తీర్థాల దగ్గర ఆకేరు కలుస్తది. ఖమ్మం దాటి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి పక్క నుంచి పారి, ఏటూరు దగ్గర కృష్ణలో కలుస్తది. మున్నేరు, ఆకేరు, పాలేరు, కట్టలేరు – అన్నిటి చివర 'ఏరు' ఉంది చూడండి. తెలుగులో ఏరు అంటే వాగు. మన కోయ మాటలో ఏరు అంటే నీళ్లు.

ఈ వాగు ఒట్టి నీళ్ల కాలువ కాదు. గట్టున ఏరుమద్ది, నేరేడు, వెదురు. వాటి వేర్లే గట్టును పట్టి ఉంచుతయి. మడుగులల్ల కొర్రమట్టలు, చెరువుల మొసళ్లు. ఎండాకాలం వాగు ఎండినా ఇసుక కింద నీళ్లుంటయి. చెలిమె తవ్వి కుండ నింపుకున్న సంగతి ఇంట్ల పెద్దోళ్లను అడిగితే చెప్తరు. ఇసుక లారీలకెత్తితే ఆ చెలిమె కూడా పోతది. వాన నీళ్లు ఆగవు, ఉరికిపోతయి.

2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు 36 అడుగుల దాకా వచ్చి ఇళ్లను ముంచింది. ఆ రోజు పడ్డ వాన మామూలు వాన కాదు, నిజమే. కానీ పైన అడవి, ఇసుక ఎట్లుంటే కింద టౌన్ అట్లుంటది. ఈ లెక్క ఖమ్మమోళ్లకు కూడా తెలియాలె.

ఇగ అసలు మాట. 1952లో పాకాల అభయారణ్యం అయింది. అప్పటి నుంచి అడవి కాపాడాలంటే మనుషుల్ని దూరం పెట్టాలె అన్న ఆలోచన బలపడ్డది. 2006 అటవీ హక్కుల చట్టం దాన్ని తిరగేసింది. పోడు పట్టా ఒక్కటే కాదు, చేపల మీద, నీటి వనరుల మీద ఊరందరికీ కలిపి హక్కు అడగొచ్చని సెక్షన్ 3 చెప్తది. ఆ నీళ్లను, వాటి పరివాహకాన్ని కాపాడే బాధ్యత కూడా గ్రామసభదే అని సెక్షన్ 5 చెప్తది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీల చేతికి ఇచ్చింది.

మనం పట్టాల కోసం కొట్లాడినం, మంచిదే. వాగు కోసం దరఖాస్తు పెట్టిన ఊళ్లు ఎన్ని?

అందుకే ఒక పని చేద్దాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ తాతను, అమ్మమ్మను వెంట పెట్టుకొని వాగు పొంటి నడవండి. ఏ మడుగుకు ఏం పేరు, ఏ ఒర్రె ఎక్కడ కలుస్తది, ఏ చేప ఇప్పుడు కనిపిస్తలేదు – రాసుకోండి. ఆ కాగితం రేపు గ్రామసభలో సాక్ష్యం అయితది. 800 ఏండ్ల కింద శాసనంలో మన పేరు రాయలేదు. ఈసారి మనమే రాసుకుందాం.