రచ్చబండ నుంచి ఆష్‌బర్న్ దాకా: వార్తకూ మనిషికీ నడుమ ఎవరు?

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమటగా, వర్జీనియాలోని లౌడన్ కౌంటీలో ఆష్‌బర్న్ ఉంది. ఒకప్పుడు పొలాలూ పాడి పశువులూ ఉన్న ఈ నేల మీద ఇప్పుడు కిటికీలు లేని పొడవాటి డేటా సెంటర్లు బారులు తీరి ఉంటాయి. వాటికి కూతవేటు దూరంలోనే టౌన్‌హోమ్ కాలనీలు, ఆ కాలనీల్లో వేల తెలుగు కుటుంబాలు. ప్రపంచ ఇంటర్నెట్ రద్దీలో 70 శాతం ఈ ఊరి మీదుగానే సాగుతుందని ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. కౌంటీ ప్రచారంలో మొదలైన ఆ అంకెను పత్రికలు ఎత్తుకున్నాయి, ఒకదాన్ని చూసి మరొకటి రాశాయి, చివరికి అది కాదనలేని నిజంలా నిలబడిపోయింది. దాన్ని కొలిచిన లెక్కగా కాక ప్రచారంగా తీసుకోవడమే సబబు. ఒక మాట పదే పదే చెవిన పడితే జనం దాన్ని ఎందుకు నమ్ముతారు, ఎవరు చెబితే నమ్ముతారు అన్నవే ప్రసార మాధ్యమాల సిద్ధాంతాలు నూరేళ్లుగా వేసుకుంటున్న ప్రశ్నలు.

జర్నలిజం విద్యార్థులు ఈ సిద్ధాంతాలను పరీక్ష కోసం వరసగా బట్టీ పడతారు. పేరు, సంవత్సరం, నాలుగు లక్షణాలు, రెండు విమర్శలు. అలా చదివితే అవి ఎందుకు పుట్టాయో కనిపించదు. ప్రతి సిద్ధాంతం వెనకా ఆ కాలపు కొత్త యంత్రం మీది భయమో, ఆశో ఉంది. మన తెలుగువాళ్ల అనుభవాన్ని వాటి పక్కన పెట్టి చూస్తే మరో సంగతి కూడా బయటపడుతుంది. మన దగ్గర వార్త ఏనాడూ నేరుగా మనిషిని చేరలేదు, నడుమ ఇంకో మనిషి ఉంటూ వచ్చాడు. ఆ నడిమి మనిషి ఎవరన్నదాన్ని బట్టే మాధ్యమాల బలం పెరిగింది, తరిగింది.

మొదట పుట్టింది భయమే. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వాలు సాగించిన ప్రచారాన్ని చూసి విద్యావంతులు బెంబేలెత్తారు. ప్రజాభిప్రాయం మనసుల్లో బొమ్మల రూపంలో ఎలా తయారవుతుందో వాల్టర్ లిప్‌మన్ 1922లో రాశాడు. యుద్ధకాలపు ప్రచార పద్ధతుల మీద హెరాల్డ్ లాస్‌వెల్ గ్రంథం 1927లో వచ్చింది. మాధ్యమం తూటాలా నేరుగా మెదడులోకి దిగుతుందన్న మ్యాజిక్ బుల్లెట్ భావన ఆనాటి వాతావరణంలోదే. 1938 అక్టోబర్ 30న ఆర్సన్ వెల్స్ రేడియో నాటకం విని, అంగారక గ్రహవాసులు దండెత్తారనుకుని అమెరికా యావత్తూ వీధుల్లోకి పరుగెత్తిందని మరునాడు పత్రికలు రాశాయి. హాడ్లీ కాంట్రిల్ దాని మీద 1940లో ఓ పుస్తకమే తెచ్చాడు. తర్వాతి పరిశోధకులు తరచి చూస్తే, భయపడ్డవాళ్లు ఉన్నా దేశమంతా గగ్గోలెత్తిందనడం అతిశయోక్తి అని తేలింది. ప్రకటనల ఆదాయంలో రేడియో పోటీని తట్టుకోలేకపోతున్న పత్రికలకు ఆ అతిశయోక్తి అక్కరకొచ్చింది. తూటా సిద్ధాంతానికి అతి పెద్ద సాక్ష్యంగా చూపిన ఘటన కూడా చాలావరకు మరో మాధ్యమం అల్లిన కథేనన్నమాట.

అదే కాలంలో తెలుగు నేల మీద పత్రిక బతుకు వేరు. బందరులో కృష్ణాపత్రిక 1902లో మొదలైంది. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు, 1914లో మద్రాసు నుంచి దాన్ని దినపత్రిక చేశారు. చదువొచ్చినవాళ్లు తక్కువ, పత్రిక కొనగలిగినవాళ్లు మరీ తక్కువ. అయినా ఊళ్లోకి వచ్చిన ఒక్క ప్రతిని పంతులుగారో కరణంగారో రచ్చబండ మీద పైకి చదివితే చుట్టూ చేరినవాళ్లు వినేవారు. చదివే మనిషి ఉన్నదున్నట్టు చదివి ఊరుకోడు. కొన్ని వదిలేస్తాడు, కొన్ని ఒత్తి చెబుతాడు, అడిగినవాళ్లకు తన మాటల్లో విడమరుస్తాడు. అతని కులం, భూమి, రాజకీయం అన్నీ ఆ చదవడంలో కలిసేవి. గ్రంథాలయోద్యమం చేసిన మేలు ఇక్కడే ఉందని నా నమ్మకం. 1918లో వేటపాలెంలో నెలకొన్న సారస్వత నికేతనం వంటి చోట్లు ఆ నడిమి మనిషి పెత్తనాన్ని కొంత పలచన చేశాయి, ఎవరి పత్రిక వాళ్లు తీసి చదువుకునే వీలిచ్చాయి. నిజాం రాజ్యంలో సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు ఆయన వాదనకు దిగలేదు. 354 మంది కవుల రచనలను ఏర్చి కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అచ్చులో కనపడనివాళ్లు లేనట్టే లెక్క అయిపోయే లోకంలో అంతకు మించిన జవాబు లేదు.

మన పల్లెలకు తెలిసిన ఈ సంగతిని అమెరికాలో లెక్కల్లో పట్టుకున్నవాడు పాల్ లాజర్స్‌ఫెల్డ్. ఒహాయోలోని ఈరీ కౌంటీలో 1940 అధ్యక్ష ఎన్నికలప్పుడు ఆయన బృందం 600 మందిని నెలల తరబడి మళ్లీ మళ్లీ కలిసి ప్రశ్నించింది. రేడియో, పత్రికల మాట విని ఓటు మార్చుకున్నవాళ్లు బహు కొద్దిమంది. చాలామంది తమకు తెలిసిన, తాము గౌరవించే మనుషుల మాటకే విలువిచ్చారు. ఆ ఫలితాలు 1944లో అచ్చయ్యాయి. ఇల్లినాయ్‌లోని డికేటర్‌లో దాదాపు 800 మంది మహిళలతో మాట్లాడి ఎలిహు కట్జ్‌తో కలిసి 1955లో వెలువరించిన పుస్తకంతో రెండంచెల ప్రవాహ సిద్ధాంతం స్థిరపడింది. వార్త ముందు ఊళ్లో నలుగురు మాట వినే మనిషిని చేరుతుంది, అక్కడి నుంచి మిగతావాళ్లకు పాకుతుంది. దీన్ని చదివిన తెలుగు పాఠకుడికి తన ఊరి రచ్చబండ గుర్తు రాకమానదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత భయం పోయి ఆశ వచ్చింది. డేనియల్ లెర్నర్ 1958లో, విల్బర్ ష్రామ్ 1964లో మాధ్యమాలతో పేద దేశాలు త్వరగా ఎదుగుతాయని రాశారు. ఆ ఆశకు అతి పెద్ద ప్రయోగశాల మన దేశమే అయింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. ఆష్‌బర్న్‌కు పొటోమాక్ నది అవతల, మేరీలాండ్‌లోని గొడార్డ్ కేంద్రం ఆ ఉపగ్రహ ప్రాజెక్టును నడిపింది. ఇవాళ ఇటు ఒడ్డున కాపురముంటున్న తెలుగువాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో! ఏడాది కాగానే ఉపగ్రహాన్ని పక్కకు తిప్పేశారు, ఊరుమ్మడి టీవీలు మూగబోయాయి. మీట ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నను అభివృద్ధి సిద్ధాంతాలు తేలిగ్గా దాటేశాయి.

1968లో నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో మాక్స్‌వెల్ మెకూంబ్స్, డొనాల్డ్ షా ఇంకా ఎవరికి ఓటెయ్యాలో తేల్చుకోని 100 మందిని దేశానికి ముఖ్యమైన సమస్యలేమిటని అడిగారు. వాళ్లు చెప్పిన వరసకూ పత్రికలు, టీవీలు ఇచ్చిన ప్రాధాన్యపు వరసకూ పొత్తు కుదిరింది. 1972లో అచ్చయిన ఎజెండా సెట్టింగ్ సిద్ధాంతానికి మూలం ఇదే. ఏం ఆలోచించాలో మాధ్యమం చెప్పలేకపోవచ్చు, దేని గురించి ఆలోచించాలో మాత్రం అది నిర్ణయిస్తుంది. ఎన్టీఆర్ 1982 మార్చి 29న పార్టీ పెట్టి తొమ్మిది నెలలకే గద్దెనెక్కితే చాలామంది ఆ ఘనతను ఒక్క ఈనాడుకో, ఒక్క సినిమాకో కట్టబెట్టారు. అది మళ్లీ తూటా లెక్కే. 1957 నాటి మాయాబజార్ నుంచి పాతికేళ్లుగా తెర మీద కృష్ణుడిగా ఆయన్ను చూసి చూసి జనం మనసులో రూపుకట్టిన నమ్మకాన్ని వివరించడానికి తెర పదే పదే చూపేదే లోకం తీరనిపిస్తుందన్న జార్జ్ గెర్బ్నర్ కల్టివేషన్ సిద్ధాంతం పనికొస్తుంది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు ఢిల్లీ నాయకుల చేతిలో జరిగిన అవమానం ఆత్మగౌరవ నినాదంగా మారిన తీరుకు ఎజెండా సెట్టింగ్ కావాలి. ఊరూరా జెండా మోసిన కుర్రాళ్లు రెండంచెల ప్రవాహంలోకి వస్తారు. ఒక్క సిద్ధాంతంతో ఒక్క ఎన్నిక కూడా పూర్తిగా అర్థం కాదు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది దూబగుంట. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ల వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. అందులో ఆడవాళ్లంతా కలిసి ఊళ్లో సారా కొట్టు మూయిస్తారు. దూబగుంట మహిళలు ఆ పాఠాన్ని పాఠంగా వదిలెయ్యలేదు, రోశమ్మ ముందు నడవగా తమ ఊళ్లోనూ కొట్టు మూయించారు. ఆ కబురు పక్క ఊళ్లకు, తర్వాత జిల్లా అంతటికీ పాకింది. 1992లో ఈనాడు దీనికోసం ప్రత్యేకంగా పేజీ కేటాయించి ఏ ఊళ్లో ఏం జరిగిందో రోజూ అచ్చువేసింది. ఓ ఊరి ఆడవాళ్లు ఇంకో ఊరి వార్త చదివించుకుని విన్నారు, మనమూ చెయ్యగలమనుకున్నారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. పత్రిక వల్లే ఉద్యమం పుట్టిందనేవాళ్లు వరసను తిరగేస్తున్నారు. ముందు కూలికెళ్లే ఆడవాళ్లు కదిలారు, పత్రిక తర్వాత వచ్చి ఆ కదలికకు రెక్కలిచ్చింది. ప్రజలు మాధ్యమంతో ఏం చేస్తారో చూడాలని కట్జ్, జే బ్లమ్లర్, మైకేల్ గురెవిచ్‌లు 1974లో అన్నదానికి దూబగుంటను మించిన ఉదాహరణ నేనెక్కడా చూడలేదు. మన జర్నలిజం పాఠాల్లో ఈరీ కౌంటీ పక్కన ఈ ఊరి పేరు ఉండి తీరాలి.

చెప్పినదాన్ని చెప్పినట్టే తీసుకోని ప్రేక్షకులూ ఉంటారని స్టూవర్ట్ హాల్ 1973లో వాదించాడు. దశాబ్దాల పాటు తెలుగు సినిమాలో తెలంగాణ యాస విలన్ల నోట, హాస్యగాళ్ల నోట వినిపించేది. నవ్వించడానికి రాసిన ఆ మాటల్లో తెలంగాణ ప్రేక్షకులు అవమానాన్ని చదువుకున్నారు. తర్వాత ప్రత్యేక రాష్ట్ర వాదంలో అదొక బలమైన సాక్ష్యమైంది.

ఇక సముద్రం దాటిన తెలుగు. అట్లాంటా నుంచి పెమ్మరాజు వేణుగోపాలరావు 1970లో తెలుగు భాషా పత్రిక నడిపారు. 1977లో అక్కడి తెలుగువాళ్ల సంఘం తానా ఏర్పడింది. విశ్వవిద్యాలయాల కంప్యూటర్ల మీద యూజ్‌నెట్ చర్చలు సాగే రోజుల్లో, లిపి లేక అక్కడి తెలుగువాళ్లు తమ భాషను రోమన్ అక్షరాల్లో రాసుకుంటూనే పద్యాల మీద రాత్రుళ్లు వాదించుకున్నారు. 1998లో ఈమాట అనే వెబ్ పత్రిక మొదలైంది. ఆ రోజుల్లోనే ఆష్‌బర్న్ చుట్టుపక్కల ప్రాంతం ఇంటర్నెట్ కూడలిగా మారింది. నెట్‌వర్కులు కలుసుకునే తొలి కేంద్రాల్లో ఒకటైన మే-ఈస్ట్ దగ్గర్లోని టైసన్స్ కార్నర్ ప్రాంతంలో నడిచింది. ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి దగ్గర్లోని డల్లెస్‌కు తెచ్చింది. ఈక్వినిక్స్ 1999లో ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్ తెరిచింది. వై2కె పనుల మీద వచ్చిన తెలుగు ఇంజనీర్లు కొందరు ఇక్కడే స్థిరపడ్డారు. ఇవాళ వాళ్ల ఇళ్లలో రాత్రి భోజనాల వేళకే మరునాటి తేదీ వేసిన తెలుగు ఈ-పేపర్ ఫోన్‌లో తెరుచుకుంటుంది. గుంటూరులో అప్పుడప్పుడే తెల్లవారుతూ ఉంటుంది. సొంతూరి తగాదా ఇక్కడ ముందు తెలుస్తుంది, తామున్న కౌంటీ బోర్డు నిర్ణయం ఆలస్యంగా తెలుస్తుంది. ఇది నాకు బాధ కలిగించే విషయం.

ఆ నిర్లక్ష్యం ఎంత ఖరీదైనదో 2021 చూపించింది. జూన్ 22న ఆష్‌బర్న్‌లోని స్కూల్ బోర్డు కార్యాలయంలో జరిగిన సమావేశం గందరగోళంగా మారింది, దాన్ని చట్టవిరుద్ధ గుంపుగా ప్రకటించారు. జాతి వివక్షను బడుల్లో ఎలా బోధించాలి, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల విషయంలో ఏ విధానం పాటించాలి అన్న తగవులవి. జాతీయ టీవీ చానళ్లు నెలల తరబడి లౌడన్ పేరే జపించాయి. నవంబర్ గవర్నర్ ఎన్నికలో బడి ప్రధాన అంశమైంది, గ్లెన్ యంగ్‌కిన్ గెలిచారు. చాపెల్ హిల్‌లో కొలిచినది ఈసారి ఆష్‌బర్న్ ముంగిట్లో జరిగింది. ఆ బడుల్లో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రుల్లో పలువురి గొంతు వాట్సాప్ గ్రూపు దాటలేదు. ఆ గ్రూపుల్లోనూ పార్టీని, ప్రాంతాన్ని, కులాన్ని బట్టి ఒకే రకం మాటలు మోగుతుంటే భిన్నంగా ఆలోచించేవాళ్లు మెల్లగా మౌనం పాటిస్తారు. ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ 1974లో చెప్పిన మౌన వలయం ఇదే.

మాధ్యమం తెచ్చే విషయం కన్నా మాధ్యమ స్వభావమే సమాజాన్ని మారుస్తుందన్నాడు మార్షల్ మెక్లూహన్ 1964లో. ఉత్తర వర్జీనియాలో నివసించేవాళ్లకు ఇది తత్వం కాదు, డేటా సెంటర్ల కరెంటు లైన్ల మీద సాగే తగువు. 2025 మార్చిలో లౌడన్ కౌంటీ బోర్డు డేటా సెంటర్లకు ఆటోమేటిక్ అనుమతులు రద్దు చేసింది, ప్రతి ప్రతిపాదనా బహిరంగ విచారణకు రావాలంది. అదే ఏడాది దీపావళినాడు, అక్టోబర్ 20న, అమెజాన్ వారి ఉత్తర వర్జీనియా కేంద్రాల్లో లోపం తలెత్తి స్నాప్‌చాట్, సిగ్నల్ వంటి ఎన్నో సేవలు ప్రపంచమంతటా గంటల తరబడి నిలిచాయి.

యంత్రం ఆగితే అందరికీ తెలుస్తుంది, నడుస్తూ ఏది ముందు చూపాలో ఎంచుతున్నప్పుడు మాత్రం ఎవరికీ కనపడదు. రచ్చబండ పంతులు ఏ వార్త వదిలేశాడో అతన్నే నిలదీసి అడగొచ్చు. ఫోన్‌లో వీడియోల వరస పేర్చే అల్గారిదమ్‌ను అలా అడిగే దారి లేదు. అలాగని నేరమంతా యంత్రానిదీ కాదు. ట్విటర్‌లో అబద్ధం నిజం కన్నా వేగంగా పాకుతోందనీ, అందుకు బాట్ల కన్నా మనుషులే కారణమనీ ఎంఐటీ పరిశోధకులు 2018లో చూపారు.

అదే 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్ పుకార్లు తెలుగు రాష్ట్రాల్లో గుప్పుమన్నాయి, అమాయకుల మీద మూకలు దాడి చేశాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లకు ఊళ్లు అప్పగించారు. వాళ్లు ఊరి మనుషులతో పరిచయం పెంచుకున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో చేరారు, అబద్ధపు వీడియో వస్తే ఎలా గుర్తుపట్టాలో ఇంటింటికీ చెప్పారు. డప్పు చాటింపు వేయించారు, జానపద కళాకారులతో పాటలు పాడించారు. ఆమె పరిధిలోని దాదాపు 400 గ్రామాల్లో పుకారు వల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.